డీ అండ్ డీ లాంటి ఆటలు కామిక్స్ అయినప్పుడు ఆట మిగులుతుందా?

పాచికలరాత్రి:

నమస్తే అందరికీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. హైదరాబాద్‌లో ఒక చిన్న గ్రూపుకి నేను డీఎంగా, అంటే ఆ కథని నడిపించే మనిషిగా ఉంటున్నాను. మా ప్లేయర్లలో ఒకరికి కామిక్స్ అంటే ప్రాణం. "డంజన్స్ అండ్ డ్రాగన్స్ మీద వచ్చిన కామిక్స్‌లో ఏది చదవమంటారు?" అని అడిగారు. పేర్లు చెప్పడం తేలికే. కానీ చెప్పబోతుంటే ఒక ప్రశ్న అడ్డం వచ్చింది. అది మీ ముందు పెడుతున్నాను.

నేను చదివినవాటిలో చాలావాటిలో ఆట కనిపించలేదు. ఆ ఆట లోకంలోని వాటర్‌డీప్ నగరం ఉంటుంది, డ్రాగన్లు ఉంటాయి, ఎల్ఫులూ డ్వార్ఫులూ ఉంటారు. కానీ బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు జరిగేది వేరు. తలుపు తీయాలా వద్దా అని అరగంట వాదించుకుంటాం. ఎంతో ఆలోచించి వేసిన ప్లాన్ ఒక్క పాచికతో బోల్తా పడుతుంది. డీఎం కష్టపడి రాసుకొచ్చిన విలన్‌ని వదిలేసి, దారిలో ఎదురైన గాబ్లిన్‌తో స్నేహం చేసేస్తారు. ఇవేవీ లేకుండా కత్తులూ మంత్రాలూ మాత్రమే ఉంటే అది మామూలు ఫాంటసీ కథ. దానికి ఆ ఆట పేరెందుకు?

చదువుతుంటే ఆట ఆడుతున్నట్టే అనిపించిన కామిక్ మీకేదైనా తగిలిందా? ఎందుకలా అనిపించిందో కూడా రాయండి.

పాతసంచిక:

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. పాత సంగతులతో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు చెప్పిన ఇబ్బంది అక్కడే పుట్టింది.

ఆట 1974లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించారు, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా ఊళ్ళో టీఎస్ఆర్ కంపెనీ అచ్చేసింది. ఆ కంపెనీ నడిపిన 'డ్రాగన్' పత్రికలో 1977 నుంచి 1988 దాకా డేవిడ్ ట్రాంపియర్ 'వార్మీ' అనే కామిక్ గీశాడు. అందులో వీరులు కాదు ముఖ్యం, రాక్షసులు. డ్రాగన్ పందేలు కాస్తూ పూల్ ఆడుతుంటుంది, ట్రోల్‌లు దాని చుట్టూ తిరుగుతుంటాయి. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అట్ట మీద పెద్ద విగ్రహం కంట్లోంచి రత్నం పెకలిస్తున్న దొంగల బొమ్మ చూసే ఉంటారు. అదీ ఆయనదే. ఆట మీద ప్రేమతో, ఆడేవాళ్ళ కోసమే గీసిన కామిక్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది వార్మీనే.

తర్వాత 1988లో డీసీ కామిక్స్‌కి లైసెన్స్ వెళ్ళింది. 'అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్' 36 సంచికలు వచ్చాయి, ఎక్కువ భాగం డాన్ మిష్కిన్ రాతా జాన్ డుర్సెమా గీతా. దాని పక్కనే 'డ్రాగన్‌లాన్స్', 'ఫర్గాటెన్ రెల్మ్స్', 'స్పెల్‌జామర్'. ఫర్గాటెన్ రెల్మ్స్ 25 సంచికలూ జెఫ్ గ్రబ్ చేతిలో నడిచాయి, బొమ్మలు ర్యాగ్స్ మోరాలెస్. గ్రబ్ టీఎస్ఆర్ డిజైనరు. 1987లో ఎడ్ గ్రీన్‌వుడ్‌తో కలిసి ఆ లోకాన్ని ఆటగా మలిచినవాడు. అందుకే ఆ సిరీస్‌కి ఒక నిండుదనం ఉంటుంది. రెల్మ్స్ మాస్టర్ అనే ఓడలో ఒక జట్టు తిరుగుతూ ప్రమాదకరమైన మాయావస్తువుల్ని పట్టి భద్రం చేస్తుంటుంది. నెలనెలా ఒక కొత్త చోటు, కొత్త వస్తువు. మంచి డీఎం క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే ఒకే కథ) నడిపినట్టే ఉంటుంది.

అయినా మీ మాటే నిజం. వాటిలో పాచిక ఎక్కడా దొర్లదు. ఆ రోజుల్లో కంపెనీకి కావలసింది లోకాన్ని అమ్మడం.

రూల్‌బుక్:

పాతసంచిక గారూ, వివరాలన్నిటికీ థ్యాంక్స్. కానీ "లోకాన్ని అమ్మడం" అంటే ఏదో తక్కువ పని అన్నట్టు ఉంది. నేను ఒప్పుకోను.

డీఎంగా కూర్చున్నవాళ్ళకి లోకం బొమ్మలో కనిపించడం చాలా పెద్ద సాయం. పుస్తకంలో "ఓడరేవు, ఇరుకు సందులు, కింద మురుగుకాలువలు" అని చదివితే ఒక ఊహ వస్తుంది. అదే చోట ఒక పేజీ నిండా గీసిన బొమ్మ చూస్తే ప్లేయర్ల ముందు మాట్లాడేటప్పుడు నోరు దానంతటదే కదులుతుంది.

డీ అండ్ డీ లాంటిదే పైజో కంపెనీ వాళ్ళ 'పాత్‌ఫైండర్' ఆట. 2012లో డైనమైట్ వాళ్ళు దాని మీద అదే పేరుతో కామిక్ మొదలుపెట్టారు. రాసింది జిమ్ జబ్, గీసింది ఆండ్రూ హువెర్టా. పైజో రూల్‌బుక్కుల్లో బొమ్మలుగా కనిపించే వాలెరోస్, సియోనీ, మెరిసియెల్, హార్స్క్, ఎజ్రెన్, కైరా ఇందులో పాత్రలు. కథ శాండ్‌పాయింట్ ఊళ్ళో మొదలవుతుంది. నాకు నచ్చింది ఏంటంటే, సంచికతోపాటు ఆడుకోవడానికి మ్యాప్, ఎన్‌కౌంటర్ (ప్లేయర్లకి ఎదురయ్యే పోరు), పాత్రల గణాంకాలు ఇచ్చారు. కథలో చూసిన పోరునే ఆ రాత్రి మీ బల్ల మీద పెట్టుకోవచ్చు. ఆట కామిక్‌లోకి రావాలి అంటున్నారు కదా, ఇక్కడ కామిక్ తిరిగి ఆటలోకి వచ్చింది. ఇది చిన్న విషయమా?

పాచికలరాత్రి:

చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. ఆ మ్యాపులు నాకూ పనికొచ్చాయి. కానీ అది వెనక పేజీల్లో జరిగిన పని. ముందున్న కథ చదువుతున్నప్పుడు "ఇప్పుడు ఏం పడుతుందో" అనే టెన్షన్ వచ్చిందా? నాకైతే రాలేదు.

గీతలపని:

నేను బొమ్మలు వేసి బతుకుతున్నదాన్ని. ఆట కూడా ఆడతాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

ఆట కాలం, కామిక్ కాలం అస్సలు కలవవు. డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో ఒక రౌండ్ అంటే, అందరూ తలా ఒక వంతు ఆడటం, కథలో 6 సెకన్లు. మీరు ఒక పెద్ద పోరు గంటసేపు ఆడితే, కథలో గడిచేది నిమిషం కూడా ఉండదు. ఆ గంటలో బల్ల దగ్గర ఎంత జరుగుతుంది! ఒకరు స్పెల్ వెతుక్కుంటారు, ఒకరు పక్కవాళ్ళకి సలహా ఇస్తారు, పాచిక కింద పడి సోఫా కిందకి పోతుంది. అమెరికన్ నెలవారీ కామిక్‌లో కథకి దొరికేది ఇరవై పైచిలుకు పేజీలు. పేజీకి ఐదారు ప్యానెళ్ళు. ఒక్కో దెబ్బకి ఒక్కో ప్యానెల్ ఇస్తూ పోతే సంచిక మొత్తం ఒకే గదిలో అయిపోతుంది. అందుకని ఆర్టిస్టు పోరంతటినీ ఒక పెద్ద బొమ్మలోకి కుదించేస్తాడు. బొమ్మ గొప్పగా ఉంటుంది. ఉత్కంఠ మాత్రం అక్కడే పోతుంది, ఎందుకంటే ఉత్కంఠ పుట్టేది దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఆ ఎదురుచూపులోనే.

ఇంకొక చిక్కు హిట్ పాయింట్లు, అంటే పాత్రకి ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే అంకె. 60 నుంచి 12కి దిగిన ఫైటర్ ఎలా కనిపించాలి? ఆటలో అతను ఒక్క పాయింటు మిగిలినా మామూలుగానే కొడతాడు. బొమ్మలో అలా గీస్తే అబద్ధంలా ఉంటుంది. రక్తం కారుతున్నట్టు గీస్తే తర్వాతి ప్యానెల్‌లో పరిగెత్తడం కుదరదు. క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) చెయ్యి పెట్టగానే గాయం మాయమైతే పాఠకుడికి భయమే మిగలదు. చచ్చినవాళ్ళని బతికించే మంత్రం ఉందని ముందే తెలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి రూల్స్‌ని పేజీలోకి తేవాలనుకోవడం తప్పు దారి. మరేది తేవాలి అంటే, ఆ నలుగురైదుగురు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో అది తేవాలి.

బెజవాడ_బార్డ్:

అక్కా, చివరి మాటకి నా ఓటు. అందుకే నా సలహా ఐడీడబ్ల్యూ వాళ్ళు 2010లో మొదలుపెట్టిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. రాసింది జాన్ రోజర్స్, గీసింది ఆండ్రియా డి వీటో. తర్వాత 'ఫెల్స్ ఫైవ్' పేరుతో కలిపి వేశారు.

ఏడ్రిక్ ఫెల్ అనే ఫైటర్, అతని జట్టు. వేరిస్ అనే ఎల్ఫు, కాల్ అనే డ్వార్ఫు, బ్రీ అనే హాఫ్లింగ్ దొంగ, టిషా అనే టీఫ్లింగ్ (దయ్యాల రక్తమున్న జాతి). వీళ్ళు లోకాన్ని కాపాడటానికి బయల్దేరినవాళ్ళు కారు, పని దొరికితే చేసేవాళ్ళు. ఫెల్ పోరు మధ్యలో నిలబడి ప్లాన్ మారుస్తుంటాడు, మిగతావాళ్ళు తిట్టుకుంటూనే చేస్తారు. డైలాగులు అచ్చం మన సెషన్‌లో వినిపించేవే. అందులో ఎక్కడా పాచిక బొమ్మ లేదు, కానీ ఎవరి టర్న్ ఎప్పుడు వచ్చిందో నాకు తెలిసిపోతూ ఉంటుంది! 15 సంచికల తర్వాత ఆగిపోయింది. చాలా అన్యాయం. ఇంకా ఎంతో కథ ఉంది.

డల్లాస్_డ్రూయిడ్:

ఫెల్స్ ఫైవ్‌కి నాదీ ఓటు. కానీ పాచికలరాత్రి గారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి, నిజంగా ఆడిన ఆటల్లోంచి.

'ది అడ్వెంచర్ జోన్' ముందు ఒక పాడ్‌కాస్ట్. మెకెల్‌రాయ్ అన్నదమ్ములు ముగ్గురు, వాళ్ళ నాన్న కలిసి 2014లో మొదలుపెట్టారు. మొదటి కథ, ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌లో వచ్చే అడ్వెంచర్ ఆధారంగానే నడిచింది. మనలో చాలామంది మొదట ఆడింది కూడా అదే. 2018లో కేరీ పీచ్ బొమ్మలతో గ్రాఫిక్ నవలగా వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ ట్రేడ్ పేపర్‌బ్యాక్ ఫిక్షన్ జాబితాలో మొదటి స్థానానికి చేరిన తొలి గ్రాఫిక్ నవల అదే.

అందులో వాళ్ళు చేసిన తెలివైన పని చూడండి. డీఎం గ్రిఫిన్‌ని కూడా పేజీలో గీశారు. కథ నడుస్తుంటే పక్కనుంచి తల బయటికి పెట్టి "నువ్వు అలా చెయ్యలేవు" అంటాడు, పాత్రలు అతనితో వాదిస్తాయి. టాకో, మాగ్నస్, మెర్ల్ ముగ్గురూ హీరోల్లా కాకుండా, హీరోలుగా ఆడుతున్న మనుషుల్లా మాట్లాడతారు. మూడో భాగం, నాలుగో భాగం వచ్చేసరికి ఆ వేళాకోళం మధ్యలోంచే నిజమైన దుఃఖం వస్తుంది. మంచి క్యాంపెయిన్‌లో కూడా అంతే కదా, మొదటి రెండు నెలలూ నవ్వులే, తర్వాత ఒక పాత్ర పోతే బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు.

తమ ఆటని వీడియోలో చూపించే 'క్రిటికల్ రోల్' నటులది ఇంకో దారి. వాళ్ళ ఆట 2015 మార్చిలో ఆన్‌లైన్‌లో ప్రసారం మొదలైంది, కానీ అంతకు ముందే ఇంట్లో చాలాకాలం ఆడారు. అప్పట్లో పాత్‌ఫైండర్ రూల్స్‌తో. ఆ భాగం ప్రేక్షకులు చూడలేదు. 2017లో డార్క్ హార్స్ వేసిన 'వాక్స్ మాకినా ఆరిజిన్స్' ఆ చూడని భాగాన్నే చెప్పింది. మ్యాథ్యూ కోల్‌విల్ రాశాడు, ఒలివియా శాంసన్ గీసింది. అందరూ చూసేసినదాన్ని మళ్ళీ గీయకపోవడం మంచి నిర్ణయం. కానీ ఇందులో డీఎం ఉండడు, పాచికలుండవు. పాత్రల గొంతులు మాత్రం అవే. వీడియో చూసినవాళ్ళకి ఆ గొంతులు చెవిలో వినిపిస్తాయి. చూడనివాళ్ళకి అంత పట్టదేమో అని నా అనుమానం.

కొత్తప్లేయర్:

డల్లాస్ అన్నా, డీఎంని పేజీలో గీస్తే కథలో లీనం కావడం పోదా? మనం కథలో ఉన్నప్పుడు మధ్యలో ఒక మనిషి వచ్చి రూల్స్ చెప్తే చిరాకు రాదూ?

డల్లాస్_డ్రూయిడ్:

నాకు రాలేదు తమ్ముడూ. అసలు బల్ల దగ్గర కూడా మనం రెండు చోట్లా ఒకేసారి ఉంటాం. గుహలోనూ ఉంటాం, బిర్యానీ ముందూ ఉంటాం. ఆ రెండూ పేజీలోకి వచ్చాయి కాబట్టే అది నాకు ఆటలా అనిపించింది.

పాచికలరాత్రి:

ఇప్పుడు నాకొక దారి కనిపిస్తోంది. డీఎంని ఎక్కడ పెట్టారో చూస్తే చాలు, ఆ కామిక్ ఏం చేయాలనుకుంటోందో తెలిసిపోతుంది. డీసీ వాళ్ళు డీఎంని పూర్తిగా తీసేశారు. అడ్వెంచర్ జోన్ వాళ్ళు ప్యానెల్‌లోకి తెచ్చారు. ఇంకెవరైనా ఇంకెక్కడైనా పెట్టారా?

పాతసంచిక:

బల్ల దగ్గరే వదిలేసినవాళ్ళున్నారు. జాలీ బ్లాక్‌బర్న్ 1990లో మొదలుపెట్టిన 'నైట్స్ ఆఫ్ ద డిన్నర్ టేబుల్'. ఇందులో గుహ లేదు, డ్రాగన్ లేదు. ప్యానెల్ తర్వాత ప్యానెల్ ఒకే బల్ల, దాని చుట్టూ అవే మొహాలు. బొమ్మలు చాలా సాదా. అయినా చదువుతుంటే మీ కళ్ళ ముందు గుహ కడుతుంది, ఎందుకంటే వాళ్ళ మాటల్లోనే అంతా ఉంది. బ్రయాన్ రూల్‌బుక్ తీసి వాదిస్తాడు, బాబ్, డేవ్ కనిపించినదాన్నల్లా కొట్టేద్దామంటారు, సారా నచ్చజెప్పాలని చూస్తుంది, డీఎం బీఏ పాపం తన కథని కాపాడుకోవాలని తంటాలు పడతాడు. 300 సంచికలు దాటి నడిచింది. అందులో పాత్రలు ఆడే 'హ్యాక్‌మాస్టర్' అనే కల్పిత ఆటని 2001లో కెంజర్ కంపెనీ నిజంగానే అచ్చేసింది.

బొమ్మలు అందంగా లేవని దీన్ని పక్కన పెట్టేవాళ్ళని చూశాను. వాళ్ళు కోల్పోతున్నదేంటో వాళ్ళకి తెలీదు. ఈ చర్చ మొదట్లో రాసిన తలుపు వాదన ఉంది చూశారూ, అది యథాతథంగా కాగితం మీద కావాలంటే ఇది చదవండి.

ఉచితంగా నెట్‌లో చదవాలంటే రిచ్ బర్లూ 2003 నుంచి గీస్తున్న 'ఆర్డర్ ఆఫ్ ద స్టిక్'. పుల్లల్లాంటి మనుషులు, మూడో ఎడిషన్ రూల్స్ ఆ లోకంలో అందరికీ తెలుసు. కొన్నాళ్ళు నవ్విస్తుంది, ఆ తర్వాత కథ బరువెక్కుతుంది. 2012లో పాత సంపుటాల్ని మళ్ళీ అచ్చేయడానికి పాఠకులు 12 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. దాని మీద జనానికి ఎంత ప్రేమో అర్థం చేసుకోండి.

మాంగా_మధ్యాహ్నం:

ఇంతసేపూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు! జపాన్‌లో ఈ ప్రశ్నకి 1986లోనే జవాబు దొరికింది.

'రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్' యానిమేగా చాలామందికి తెలుసు. అది మొదట కథగా పుట్టలేదు. గ్రూప్ ఎస్ఎన్ఈ అనే బృందం డీ అండ్ డీ ఆడి, ఆ సెషన్‌లో ఎవరేం మాట్లాడారో రాసి 'కాంప్టిక్' అనే కంప్యూటర్ పత్రికలో సీరియల్‌గా వేసింది. డీఎం ర్యో మిజునో. జపాన్‌లో దీన్ని రీప్లే అంటారు. నాటకం స్క్రిప్టులా ఉంటుంది, డీఎం మాటలు, ప్లేయర్ల మాటలు, పడిన పాచికలు. అప్పటికి అక్కడ ఆ ఆట అంటే ఏమిటో చాలామందికి తెలీదు. ఎలా ఆడాలో జనం రీప్లే చదివే నేర్చుకున్నారు. తర్వాత మిజునో 1988లో దాన్ని నవలగా రాశాడు, 1990లో యానిమే వచ్చింది, మాంగాలు వచ్చాయి. డీడ్‌లిట్ అనే ఎల్ఫు అమ్మాయి ఉంది కదా, పొడుగు చెవులతో, ఇప్పటికీ జపనీస్ ఎల్ఫు అంటే అందరికీ గుర్తొచ్చే రూపం. ఆ పాత్రని బల్ల దగ్గర ఆడింది హిరోషి యమమోటో అనే మగ రచయిత.

అంటే వాళ్ళు మెట్లు మెట్లుగా వెళ్ళారు. రీప్లేలో ఆట మొత్తం ఉంది. నవలలో పాచికలు పోయి మనుషులు మిగిలారు. మాంగాలో బొమ్మ చేరింది. ఒకే పుస్తకంలో అన్నీ ఇరికించాలనుకోలేదు. లోడోస్ హీరో పార్న్ మొదట్లో చాలా చేతకాని కుర్రాడు, లెవెల్ వన్ ఫైటర్ ఎలా ఉంటాడో అలాగే. తర్వాత తర్వాత పెద్ద వీరుడవుతాడు. ఆ ఎదుగుదల ఆటలోంచి వచ్చిందే, నవల కోసం కల్పించింది కాదు.

ఇంకో మాట. ర్యోకో కుయి 'డెలీషియస్ ఇన్ డంజన్' ఏ ఆటకీ అనుసరణ కాదు. 2014 నుంచి 2023 దాకా నడిచింది, 14 సంపుటాలు. గీతలపని అక్క చచ్చి బతకడం గురించి రాసింది కదా, ఆ చిక్కుని ఆమె ఎంత బాగా పరిష్కరించిందో చూడండి. ఆ డంజన్‌లో చచ్చినవాళ్ళని బతికించొచ్చు, కానీ శరీరం కావాలి. హీరో చెల్లెల్ని డ్రాగన్ మింగేసింది, అది అరిగిపోయేలోపు వెళ్ళాలి. మంత్రం ఉండటం వల్ల భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

గీతలపని:

అవును, అది చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. రూల్‌ని కథకి అడ్డంకిగా చూడకుండా కథకి కారణం చేసింది. తిండి కూడా అంతే, అందులో వాళ్ళు డంజన్‌లో చంపిన రాక్షసజీవుల్నే వండుకు తింటారు. ఆటలో రేషన్లు అని ఒక లైన్ రాసుకుని మర్చిపోతాం. ఆమె ఆ లైన్ పట్టుకుని 14 సంపుటాలు అల్లింది.

రూల్‌బుక్:

చూశారా, రూల్స్ దగ్గరికే వచ్చాం మళ్ళీ! నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. రూల్స్‌ని గౌరవించినవాళ్ళు మంచి కథ రాస్తారు.

ఇంకో విషయం, అదీ ఇక్కడి వాళ్ళకి నచ్చుతుందని రాస్తున్నాను. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షస అనే జీవి ఉంది. మన రాక్షసుడే. కానీ పులి తల, ఖరీదైన కోటు, చేతిలో పొగ గొట్టం. మంత్రించిన క్రాస్‌బో బాణంతో చంపొచ్చు అని రూల్. ఇది రామాయణంలోంచి సూటిగా రాలేదు. 1974లో వచ్చిన 'కోల్‌చాక్' అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో ఒక రాక్షసుడి ఎపిసోడ్ ఉంది, అందులోనూ చంపేది అలాంటి బాణమే. ఎదుటివాళ్ళు నమ్మే మనిషి రూపంలో కనిపించడం కూడా అక్కడ ఉంది. మనకి మారీచుడు తెలుసు కాబట్టి ఆ రూపాలు మార్చడం కొత్తగా అనిపించదు, పులి తల మాత్రం కొత్తే. చందమామలో శంకర్ గారు గీసిన రాక్షసుల్ని చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ బొమ్మ చాలా దూరంగా ఉంటుంది. ఆ రాక్షసుణ్ణి మన బొమ్మల సంప్రదాయంలో ఎవరైనా మళ్ళీ గీయాలని నాకు ఎంతో కోరిక.

నిర్వాహకులు:

మనవి: రాక్షసుల బొమ్మల గురించి విడిగా దారం తెరిచాను, ఆ చర్చ అక్కడ సాగించండి. ఇక్కడ కామిక్స్ మీదే ఉందాం.

బెజవాడ_బార్డ్:

డీఎంని ఎక్కడ పెట్టారన్న ప్రశ్నకి అసలైన జవాబు 'డై'. కీరన్ గిలెన్ రాశాడు, స్టెఫనీ హాన్స్ రంగులు వేసి గీసింది. ఇమేజ్ వాళ్ళు 2018 డిసెంబర్ నుంచి 2021 దాకా 20 సంచికలుగా వేశారు.

1991లో ఆరుగురు టీనేజర్లు ఒక ఆట ఆడటానికి కూర్చుని మాయమవుతారు. రెండేళ్ళ తర్వాత ఐదుగురే తిరిగొస్తారు. ఏం జరిగిందో బయట చెప్పలేరు. నలభై దాటాక మళ్ళీ ఆ లోకంలోకి లాగేయబడతారు. అక్కడ వెనక మిగిలిపోయింది ఎవరు? ఆ రోజు డీఎంగా కూర్చున్న సోల్. ఇప్పుడు ఆ లోకానికి యజమాని అతనే, వీళ్ళకి శత్రువూ అతనే. లోకం ఆకారం ఇరవై ముఖాల పాచిక. ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో పాచిక, దానికి తగ్గ శక్తి. ఇంటికి వెళ్ళాలంటే అందరూ ఒప్పుకోవాలి. అదే అసలు మెలిక, ఎందుకంటే కొందరికి బయట బతుకు కంటే ఆటే బాగుంది.

అందులో టోల్కీన్ కనిపిస్తాడు, రచయిత్రులైన బ్రాంటీ అక్కచెల్లెళ్ళు, వాళ్ళ సోదరుడు చిన్నప్పుడు కల్పించుకున్న గ్లాస్ టౌన్ అనే లోకం కనిపిస్తుంది. ఈ ఆట 1974లో ఉన్నట్టుండి పుట్టలేదు, దాని వెనక ఇంత ఉంది అని చెప్పడానికి. పేజీలు చూస్తే తైలవర్ణ చిత్రాల్లా ఉంటాయి. గిలెన్ కథతోపాటు దీన్ని ఆటగానూ రూపొందించాడు, అది రోవన్, రూక్ అండ్ డెకార్డ్ ద్వారా పుస్తకంగా వచ్చింది.

నా మట్టుకు నాకు ఈ విభాగంలో ఇంతకు మించింది లేదు. మిగతావన్నీ "ఆటని కథగా ఎలా చెప్పాలి" అని ఆలోచించాయి. ఇది "మనం ఎందుకు ఆడతాం" అని అడిగింది.

పాతసంచిక:

బెజవాడ గారూ, డై గొప్పదే. కానీ అందులో ఆనందం తక్కువ. ఆట అంటే నాకు ముందు ఆనందం. అందుకే నేను జిమ్ జబ్ 2014లో మాక్స్ డన్‌బార్‌తో చేసిన 'లెజెండ్స్ ఆఫ్ బాల్డర్స్ గేట్'నే పైన పెడతాను. మిన్స్క్ అనే వీరుడు, అతని భుజం మీద ఎలుక... కాదు కాదు, స్పేస్ హ్యామ్‌స్టర్ బూ! బూని ఎలుక అంటే మిన్స్క్ ఊరుకోడు. ఆ పాత్ర 'బాల్డర్స్ గేట్' కంప్యూటర్ గేములో పుట్టలేదు, ఆ గేము చేసిన బయోవేర్ కంపెనీ ఉద్యోగులు ఆడుకున్న బల్ల మీది ఆటలో పుట్టింది. 1998లో గేములోకి వెళ్ళింది, 2014లో కామిక్‌లోకి వచ్చింది. వందేళ్ళు రాతివిగ్రహంగా ఉన్న మిన్స్క్‌ని డెలీనా అనే మంత్రగత్తె అదుపు తప్పిన మంత్రంతో బతికిస్తుంది. వైల్డ్ మేజిక్ (అదుపు తప్పిన మంత్రం ఏం చేస్తుందో పాచిక తేల్చే రూల్) ఆడినవాళ్ళకి ఆ పేజీ చూడగానే నవ్వొస్తుంది, టేబుల్ మీద ఏం పడిందో ఊహించుకుంటాం. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో కూడా మిన్స్క్ రాయిగా గడిపిన కాలాన్ని అలాగే ఉంచారు.

పాచికలరాత్రి:

అందరికీ చాలా థ్యాంక్స్. నేను అడిగినదానికి ఇంత వస్తుందనుకోలేదు. మీ మాటలు చదివాక మా గ్రూపులో ఒక ఆలోచన వచ్చింది. మా క్యాంపెయిన్‌లో ఒక సెషన్‌ని ఎనిమిది పేజీల కామిక్‌గా, తెలుగులోనే చేద్దామని. ఒకరికి గీయడం వచ్చు. గీతలపని గారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గీతలపని:

ఎంత మంచి మాట! తప్పకుండా చేయండి.

సెషన్ మొత్తం గీయకండి. ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకుని, అది ఎదురుతిరిగిన ఘట్టం ఒకటి ఎంచుకోండి. గెలిచిన పోరు కంటే తప్పిన పాచిక బొమ్మలో బాగా పండుతుంది, ఎందుకంటే మొహాలు మారతాయి. వీలైతే ఆ సెషన్ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మాటలు గుర్తున్నాయనుకుంటాం, రాసేటప్పుడు అందరూ ఒకేలా మాట్లాడేస్తారు. మీ గ్రూపులో ఒకరు గుంటూరు యాస, ఒకరు కరీంనగర్ యాస మాట్లాడుతుంటే, వాళ్ళ ఎల్ఫులూ డ్వార్ఫులూ కూడా అలాగే మాట్లాడాలి. గ్రాంథికం పెట్టారంటే ఆ మనుషులు పోతారు.

ఎనిమిది పేజీల్లో పోరుకి రెండు చాలు. ఒక పేజీ మొత్తం ఎదురుచూపుకి ఇవ్వండి: చెయ్యి, పాచిక, అందరి కళ్ళు, చీకట్లో రాక్షసుడు, మళ్ళీ పాచిక. ఫలితం పేజీ తిప్పాకే కనిపించాలి. అందుకని ఆ ఎదురుచూపు పేజీ కుడివైపు వచ్చేలా చూసుకోండి. పైన మనం మాట్లాడుకున్న టెన్షన్ కాగితం మీద దొరికే చోటు అదొక్కటే.

మాటల బుడగల్లో తెలుగు అక్షరాలకి పైనా కిందా ఎక్కువ చోటు కావాలి, ఒత్తులూ గుడులూ ఉంటాయి కదా. ముందు మాటలు రాసి, తర్వాత బుడగ గీయండి, ఆ తర్వాత బొమ్మ.

రూల్‌బుక్:

ఒక విషయం కలుపుతాను. నెట్‌లో పెట్టేటట్టయితే కంపెనీ సొంతమైన పేర్లు, లోకాలు, ప్రత్యేకమైన జీవులు వాడకండి. సొంత ఊరు, సొంత దేవుళ్ళు పెట్టుకోండి. డ్రాగన్, గాబ్లిన్ లాంటివి ఎవరైనా వాడుకోవచ్చు, బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటివి వాళ్ళవి.

మాంగా_మధ్యాహ్నం:

ఆ రికార్డింగ్‌ని పారేయకండి. రీప్లేలా రాసి కామిక్ పక్కనే పెట్టండి. తెలుగులో ఈ ఆట ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి అదే మొదటి పాఠం అవుతుంది.

కొత్తప్లేయర్:

మా అక్క కూతురికి పన్నెండేళ్ళు. పైన చెప్పినవాటిలో తనకి ఏది ఇవ్వొచ్చు?

డల్లాస్_డ్రూయిడ్:

డై అస్సలు వద్దు, అది పెద్దవాళ్ళది. అడ్వెంచర్ జోన్‌లో బూతులున్నాయి, ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు. 1983లో వచ్చిన డీ అండ్ డీ కార్టూన్ ఆధారంగా ఐడీడబ్ల్యూ 2023లో 'సాటర్డే మార్నింగ్ అడ్వెంచర్స్' వేసింది, అది ఇవ్వండి. పిల్లలే పాత్రలు, బొమ్మలు కళకళలాడుతుంటాయి. డెలీషియస్ ఇన్ డంజన్ మాత్రం ముందు మీరు ఒక సంపుటం చదివి చూడండి, కొన్నిచోట్ల రక్తం ఎక్కువ.